చిక్కపేట లా లైబ్రరీ కేసు

విజయదశమి మరునాడు పొద్దున డిటెక్టివ్ అశ్వత్థప్ప కాఫీ లోటా ఇంకా నోటిదాకా తీసుకుపోలేదు, అంతలోనే ఒక అమ్మాయి అవెన్యూ రోడ్డు ఆఫీసు మెట్లు పరుగున ఎక్కి వచ్చింది. పేరు అంజినమ్మ. సర్జాపుర నేతగాని కూతురు, లా పాసయింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నన్ను దొంగ అంటాండారప్పా. సాయంత్రం లోపల కాదని తేలకుంటే నా చదువంతా బూడిదలో పోసినట్లే."

అసిస్టెంటు మునిస్వామి మంచినీళ్ళిచ్చాడు. ఎటువంటి చిక్కునైనా తన గురువుగారు చిటికెలో విప్పేస్తారని అతని నమ్మకం. అంత నమ్మకం గురువుగారికి కూడా లేదు.

సంగతి ఇది. ఒక పెద్ద వకీలు పోతూ పోతూ తన పుస్తకాలన్నీ ఊరి జనానికి రాసిచ్చి పోతే చిక్కపేటలో లా లైబ్రరీ వెలిసింది. నల్లకోట్లవాళ్ళే కాదు, వ్యాజ్యంలో ఇరుక్కున్న కూరగాయలామె కూడా అక్కడికొచ్చి చట్టం చదివించుకోవచ్చు. ఏటా దసరా కాగానే అక్కడ కుర్ర వకీళ్ళకు వాదాల పోటీ పెడతారు. గెలిచినవాళ్ళను సీనియర్ వకీలు వెంకటగిరియప్ప జూనియరుగా చేర్చుకుంటారు. ఆడపిల్లను జూనియరుగా తీసుకుంటానన్న వకీలు అంజినమ్మకు ఆయన తప్ప ఇంకొకరు దొరకలేదు. పోటీ ఆ సాయంత్రమే.

పోటీకి పనికొచ్చే పాత తీర్పుల సంపుటం, లా రిపోర్టు ఒకటి, పండగ సెలవులకు తలుపులు మూసే వేళకే మాయమైంది. ఆఖరున చదివింది అంజినమ్మ. ఈ పొద్దున లైబ్రరీ తెరిచాక అది ఆమె సంచిలోనే దొరికింది.

"సంచి నీ దగ్గరే ఉండిందా?" అన్నాడు అశ్వత్థప్ప.

"లేదప్పా. లోపలికి సంచీలు రానీరు. అందరమూ వాకిట్లో బల్లమీద పెట్టి పోవల్ల."

"పండక్కి యాడుంటివి?"

"సర్జాపురలో అమ్మ దగ్గర. మాకు పండగ యాడిది? ఆషాఢంలో నాయన పోయినాడు. ఏడాది తిరిగేదాకా ఇంట్లో ఏ పూజా లేదు. మగ్గానికి కూడా బొట్టు పెట్టలేదు."

అశ్వత్థప్ప కాఫీ ఒక్క గుక్కలో తాగేసి లేచాడు.

లైబ్రరీలో బీరువాల తలుపులకు గంధం బొట్లు కళకళలాడుతున్నాయి. నుదుట నిలువు నామం పెట్టుకున్న లైబ్రేరియన్ మునినారాయణప్ప పుస్తకం తెచ్చి చేతికిచ్చాడు.

"పుస్తకాలకు పూజ చేయరా?" అని అడిగాడు అశ్వత్థప్ప.

"తలుపులకు మాత్రమే స్వామీ. తోలు అట్టకు కుంకుమ అంటితే ఏడు జన్మలెత్తినా పోదు. నేనుండగా ఆ పని జరగనియ్యను."

అశ్వత్థప్ప భూతద్దం తీసి అట్టను చూశాడు. తర్వాత దాన్ని మునిస్వామికి అందించాడు.

"బంగారు అక్షరాల సందుల్లో తెల్లగా ఏదో ఉండాది సార్. సున్నమేమో," అన్నాడు మునిస్వామి. "రవ్వంత ఎర్రది కూడా ఉండాది."

పోటీకి నిలిచినవాళ్ళు మరో ఇద్దరున్నారు. దండు, అంటే కంటోన్మెంటు వైపు నుంచి వచ్చే జయరాజు మెడలో సిలువ, ముక్కుమీద కోపం. "మేము చదవకూడదని ఇంట్లో దాచిపెట్టింది. ఇప్పుడు గుట్టుగా తిరిగి పెట్టబోయి దొరికిపోయింది. ఇంకా విచారణ దేనికి?" అని ఎగిరాడు.

రెండోవాడు సొన్నప్ప వెన్నలాంటి మనిషి. పొద్దున సంచీలు వెతికితే సరిపోతుందని మెల్లగా సలహా ఇచ్చింది అతనే. "పాపం, ఆడపిల్ల. పుస్తకం దొరికింది గదా, పోటీకి రాకుంటే చాలు, వదిలేద్దాం సార్," అన్నాడు.

వాకిట్లో అతని సైకిలుకు బంతిపూల దండ, హ్యాండిలుకు మూడు విభూతి గీతలు, మధ్యలో కుంకుమ. "సైకిలు పెళ్ళికొడుకు మాదిరి ఉండాదే," అన్నాడు అశ్వత్థప్ప.

"మా అమ్మ అలంకారం సార్. పండగొస్తే ఇంట్లో కత్తిపీటను కూడా వదలదు," అని నవ్వాడు సొన్నప్ప.

సాయంత్రం చదువుల గది కిటకిటలాడింది. వెంకటగిరియప్ప మొహం ముడుచుకుని మధ్య కుర్చీలో కూర్చున్నారు. అంజినమ్మ వైపు ఆయన చూడనే లేదు. అశ్వత్థప్ప పుస్తకాన్ని ఆయన ముందు పెట్టాడు.

"దీన్ని దొంగిలించినవాళ్ళు పండగంతా ఇంట్లో ఉంచుకున్నారు. అంతవరకు జయరాజు చెప్పింది నిజం. అయితే ఎవరింట్లో? అట్టను తడిబట్టతో తుడిచినారు గానీ అక్షరాల సందుల్లో విభూతి, కుంకుమ నిలిచిపోయినాయి. ఇది ఆయుధపూజలో పీటెక్కిన పుస్తకం. ఇక్కడేమో పుస్తకాలకు బొట్టు పెట్టరు. అంజినమ్మ ఇల్లు ఏటిసూతకంలో ఉండాది, మగ్గానికే పూజ లేదు. జయరాజు చర్చికి పోయే మనిషి. మునినారాయణప్ప నామం పెట్టే మనిషి, విభూతి ఆయన ఇంటి గడప తొక్కదు."

అందరి చూపులూ ఒకవైపే తిరిగాయి. సొన్నప్ప చిరునవ్వు చెదరలేదు. "ఊళ్ళో సగం ఇళ్ళల్లో విభూతి పెడతారు సార్. అంతమాత్రాన నేను దొంగనా?"

"మంచి ప్రశ్న. దీనికి జవాబు వకీలు చెప్పల్ల," అని అశ్వత్థప్ప పక్కకు తిరిగాడు. "లేయమ్మా అంజినమ్మా. నీ కేసు నువ్వే నడుపు."

అంజినమ్మ లేచింది.

"సొన్నప్పా, మీ ఇంట్లో పుస్తకాలు పూజకు పెట్టింది ఎవరు?"

"మా అమ్మ."

"ఆమెకు చదువు వచ్చునా?"

"రాదు."

"నీ గదిలోని లా పుస్తకాలన్నీ పెట్టినాదా, కొన్నేనా?"

"అన్నీ," అన్నాడు సొన్నప్ప. అనేశాక వెంకటగిరియప్ప ముందున్న పుస్తకం వైపు చూశాడు.

"అన్నీ పెడతాది. నీవి ఏవో, లైబ్రరీది ఏదో ఆ తల్లికేం తెలుసు? ఇది వద్దమ్మా అంటే ఎందుకు వద్దని అడుగుతాది. అందుకే నోరు మూసుకున్నావు. ఇప్పుడు ఆమెను ఇక్కడికి పిలిపిస్తాను. ఈ పుస్తకానికి బొట్టు పెట్టినావా తల్లీ అని అడుగుతాను. పూజలో పెట్టినదాని గురించి మీ అమ్మ అబద్ధం చెప్తాదా?"

సొన్నప్ప చిరునవ్వు మాయమైంది. "అమ్మను పిలవద్దు," అన్నాడు. "నేనే తీసినాను. పొద్దున సంచిలో వేసిందీ నేనే. నీతో వాదిస్తే గెలవలేనని తెలుసు."

తల దించుకుని అతను బయటికి పోతుంటే ఎవరూ ఆపలేదు. మునిస్వామి ఛాతీ పొంగిపోయింది, కేసు తనే గెలిచినట్లు.

వెంకటగిరియప్ప మిగిలిన పోటీదారు వైపు తిరిగారు. "జయరాజూ, పోటీ మొదలుపెడదామా?"

జయరాజు లేచి అంజినమ్మకు చేతులు జోడించాడు. "తప్పు మాట అన్నాను, క్షమించల్ల. పోటీ ఇప్పుడే అయిపోయింది సార్. నేను ఓడిపోయినాను."

గదంతా చప్పట్లతో అదిరిపోయింది. కేసుల గొడవల్లో వచ్చి మూల కూర్చున్నవాళ్ళు సైతం నిలబడి చప్పట్లు కొట్టారు. ముసలి వకీలు కుర్చీలోంచి లేచి వచ్చారు.

"అమ్మా, పొద్దుటినుంచి నేనూ నిన్ను దొంగ అనే అనుకుంటిని. వకీలు చేయరాని పని అది," అన్నారు. "రేపు హైకోర్టులో నా పక్కన కూర్చో. నేను తప్పు మాట్లాడితే కోటు పట్టి లాగు."

నాయన పోయిన రోజు కూడా గట్టిగా నిలబడిన అంజినమ్మ అక్కడే, అందరి ముందరే వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, "ఎన్ని గంటలకు రావల్ల సార్?" అని అడిగింది.