కార్డు గేటు కింద శవం

1999లో ఒక ఉదయం దేవేంద్ర నగర్‌లోని డిటెక్టివ్ వెంకటరత్నం గదిలోకి వచ్చిన వరహాలమ్మ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. నిలబడే చేతులు జోడించింది.

"మా తమ్ముణ్ణి ఇడిపించండి బాబూ. ఆడికి ఏ పాపం తెలీదు."

ధర్సీవా నుంచి గుఢియారీ వచ్చే దారిలో ఒక కంపెనీ ప్రయోగంగా టోల్ గేటు పెట్టింది. యంత్రంలో కార్డు పెడితే గేటు దానంతటదే లేస్తుంది. రద్దీ తగ్గాలని ఆఫీసు వేళల్లో టోల్ రెట్టింపు చేశారు. జనం మాత్రం తెలివితక్కువవాళ్లా? ఆ వేళకి అందరూ చుట్టుదారి పట్టారు, రోడ్డు బోసిపోయింది. సరిగ్గా ఆ వేళలోనే గేటు కాపలాదారు జోగయ్య తల పగిలి గేటు కింద పడి ఉన్నాడు. అతను వరహాలమ్మ భర్త. గేటు బిగించింది ఆమె తమ్ముడు సత్తిరాజు; అతన్ని చిన్నప్పుడే చేరదీసి పెంచినవాడు జోగయ్యే. సరిగ్గా బిగించలేదని పోలీసులు సత్తిరాజుని లోపల వేశారు.

ఆ పూట తాను ఇల్లు కదల్లేదని వరహాలమ్మ చెప్పింది.

"అన్నం తింటా ఉంటే ఆ ఇనప దూలం నెత్తిమీద పడిపోనాది బాబూ. మా నాన్న రైల్వే గేట్‌మ్యాన్. ఆ బరువు నాకు తెల్దా?"

నిజం ఎవరికి తగిలినా తాను ఆపనని వెంకటరత్నం ముందే చెప్పాడు. ఆమె తలూపింది.

సాయంత్రం అతనూ సహాయకురాలు సుభద్రా గేటు చూశారు. ఎక్కడా సొట్ట లేదు. శవం దగ్గర ఏం దొరికాయని సుభద్ర అక్కడ కాపలా ఉన్న కానిస్టేబుల్‌ని అడిగింది. ఈల, తువ్వాలు తప్ప ఏమీ లేవని, మెతుకు కూడా లేదని అతనన్నాడు. వెంకటరత్నం గేటుని వేలితో తట్టి చూశాడు. సార్ ఇలా తట్టి చూశారంటే కేసు తేలిపోయినట్టేనని సుభద్రకి గట్టి నమ్మకం.

మర్నాడు అందరినీ గేటు దగ్గరికి రప్పించాడు. సత్తిరాజుని బేడీలతోనే తెచ్చారు. వెంకటరత్నం గేటు కింద తల వంచి నిలబడి, దించమన్నాడు. కంపెనీ మేనేజరు మీట నొక్కాడు. గేటు అతని నెత్తికి తగిలి ఆగింది. అతని జుట్టు కూడా చెదరలేదు.

"ఇది బోలు అల్యూమినియం గొట్టం. తల పగలాలంటే ముందు ఇదే వంగాలి. జోగయ్యని ఎవరో కొట్టి చంపి నేరం గేటు మీదికి తోశారు. బిగించినవాడికీ, కొన్నవాడికీ దీని బరువెంతో తెలుసు. ఇనప దూలమని నమ్మింది ఒక్క వరహాలమ్మే. ఇల్లు కదల్లేదన్న మనిషికి, ఆయన అన్నం తింటున్నాడని ఎలా తెలిసింది? శవం దగ్గర మెతుకు కూడా దొరకలేదు; అన్నం తెచ్చి పెట్టింది ఆమె, క్యారియర్ తిరిగి తీసుకుపోయింది ఆమె."

వరహాలమ్మ కాదనలేదు. రోజూ తన్నేవాడని, ఆ పూట నడిరోడ్డు మీదే జుట్టు పట్టుకున్నాడని, విడిపించడానికి ఒక్క మనిషి లేడని, రాయి చేతికందిందని చెప్పింది.

"యంత్రం మీదికి పోతాదనుకున్నాను. మా తమ్ముడి మీదికి పోతాదనుకోనేదు."

ఇన్‌స్పెక్టరు సత్తిరాజు బేడీలు విప్పి అవే ఆమెకి వేశాడు. వరహాలమ్మ ముఖంలో భయం పోయింది.

"బేగి ఇంటికి పోరా తమ్ముడూ. తాళం పక్కింటోళ్ల కాడ ఉంది."

సత్తిరాజు మణికట్లు రుద్దుకుంటూ ఆమె వైపు చూశాడు.

"నన్ను పెంచినోణ్ణి చంపేసినావు. నువ్వు నాకేటీ కావు."

కానిస్టేబుల్ చెయ్యి పట్టుకోకముందే వరహాలమ్మ జీపెక్కి కూర్చుంది.