నడిమిట్ల గాలి ఒడిసిపోతే?

"బావా, మా అవ్వను నువ్వే ఒప్పియ్యాలె. సోమారం నేను డ్యూటీల జాయిన్ గావాలె!"

అశ్రితకు ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం వచ్చింది. మేడ్చల్లో వాళ్లింట్లో మిగిలిన అడ్డంకి ఒక్కటే, అవ్వ, అంటే నాయినమ్మ జయమ్మ. అంత మీద గాలి ఉండదట, పిల్లకు ఊపిరెట్ల ఆడుతుందని ఆమె భయం. ఆమె కాదంటే అశ్రిత నాయిన పంపడు.

వరుసకు బావయ్యే నిఖిల్‌కు చెమటలు పట్టాయి. శామీర్‌పేటలో ప్లాట్లు అమ్ముతాడు. మొన్న చుట్టాల పెళ్లిలో "బొంబాయికి ఫ్లైట్ల పోయొచ్చిన" అని కోతలు కోశాడు, అశ్రిత వినాలనే. పాపం, వెళ్లింది రైల్లో.

బయట వాన. అవ్వ సూటిగా అడిగింది.

"పిలగా, నువ్వెక్కినవ్ గదా. విమానంల గాలి ఎప్పుడు కొడ్తరు?"

"శంషాబాద్‌లనే అవ్వా! ఫుల్లుగ నింపి డోర్లు మూస్తరు."

"నడిమిట్ల ఒడిసిపోతే?"

నిఖిల్ కిటికీలోంచి వానను చూడసాగాడు.

"వామ్మో! మొన్న పండుగనాడు గ్యాస్ బండ గట్లనే ఒడిసిపాయె. నా బిడ్డను పంపనే పంప!"

అశ్రిత బావను కొరకొరా చూసి, అవ్వ పక్కన కూలబడింది.

"నింపి పెట్టరే అవ్వా. మీద గాలి పల్సగ ఉంటది. ఇంజన్లు దాన్ని గుంజి, ఒత్తి లోపలికి పంపుతనే ఉంటయి. ఎక్కువైంది ఎనకనుంచి బయటికి పోతది. ఎంత మీదికి పోయినా లోపల పెద్ద గుట్టెక్కినట్టే, అంతే."

"ఎప్పుడు సురువు జేస్తరు?"

"డోర్లు మూసినంక, ఇంక లేవకముందే. మెల్లమెల్లగ జేస్తరు. ఒక్కసారే జేస్తే చెవులు నొస్తయి."

"మరి గీ పిలగానికి తెల్వదా?"

"నేను విమానం ఎక్కనే లేదవ్వా," నిఖిల్ తలొంచుకున్నాడు. "అశ్రిత ముంగట గొప్పకు చెప్పిన. ఇయ్యాల గూడ తెల్వకనే చెప్పిన. పోనియ్యి అవ్వా, గా నౌకరీ అంటే ఆమెకు పానం."

"అది ఎగిరిపోతే నీకేం లాభం రా?"

"పోనీ. దిగే టైంకు శంషాబాద్‌ల నేనుంట."

అశ్రిత ఆటపట్టిద్దామని నోరు తెరిచింది. కానీ నవ్వొచ్చేసింది. అబద్ధాలకోరు మీద ఇంత ఇష్టం ఎక్కడిదో ఆమెకే అర్థం కాలేదు.

"సోమారం పో బిడ్డా," అంది అవ్వ.

అశ్రిత అవ్వను వాటేసుకుంది. "బావా, నువ్వు మొదటిసారి ఎక్కేది నా ఫ్లైటే. గాలి ఒడుస్తదని ఏడ్వొద్దు!"

"నువ్వు గట్ల చూస్తే నాకు కిందనే ఊపిరాడ్తలేదు."

అవ్వ పకపకా నవ్వింది. "ఇంక లేవకముందే సురువైతదంటివి, నిజమేనే పిల్లా! గీ పిలగానికి కిందనే సురువాయె!"