ముక్కు కడిగిన పిల్ల

పొద్దున్నే వాష్‌బేసిన్ దగ్గర హడావుడి మొదలైంది.

"ముందుకు వంగు. నోరు తెరువు. నోటితోనే ఊపిరి తీసుకో," అంటోంది కోడలు. ఆరేళ్ల మనవరాలు పీట మీద నిలబడి బేసిన్‌లోకి వంగింది. కోడలు మెత్తటి సీసాను నొక్కగానే ఉప్పునీళ్లు ఒక ముక్కుపుటంలోకి వెళ్లి రెండో దాంట్లోంచి ధారగా పడ్డాయి. పిల్ల ముక్కు చీది కిలకిలా నవ్వింది.

గుమ్మంలో నిలబడిన నాన్నమ్మకు మాత్రం ఒళ్లు జలదరించింది.

"ముక్కున్నది ఊపిరి పీల్చుకోవడానికా, బిందెలా తోమడానికా? మా రోజుల్లో పిల్లలకి జలుబులు రాలేదా? వచ్చాయి, పోయాయి."

"కాచి చల్లార్చిన నీళ్లే అత్తయ్యా. లోపల పేరుకున్నది కొట్టుకుపోతే మాటిమాటికీ వచ్చే జలుబులు కాస్త తగ్గొచ్చని డాక్టరుగారన్నారు. చూద్దాం."

"చూడు, చూడు. అసలే కుళాయి, దానికి మళ్లీ నీళ్లెక్కించు!"

కుళాయి అన్నది మనవరాలికి ఆవిడ పెట్టిన పేరే. ఏడాది పొడుగునా ముక్కు కారుతూ ఉండేది మరి. పిలిచినప్పుడల్లా ఇంటిల్లిపాదీ నవ్వేవారు, పిల్లతో సహా. చంటివాడు ఆసుపత్రి పాలయ్యేదాకా అది నవ్వులాటే. ఐదు నెలల పసివాడు. జలుబు ఛాతీలోకి దిగి, డొక్కలెగరేస్తుంటే ఆక్సిజన్ పెట్టారు. వాడు గండం గడిచి ఇంటికొచ్చాక ఇంట్లో కొత్త చట్టం పుట్టింది. అక్క తమ్ముడి మంచం దగ్గరికి వెళ్లకూడదు. చట్టం పెద్దవాళ్లందరిదీ, కాపలా నాన్నమ్మది. అక్క అటు అడుగేస్తే చాలు, "నీ జలుబే వాడి ముక్కులోకి వెళ్లింది, చాలదా?" అని కసిరేది.

ఆ రోజు బడికి సెలవు. కొడుకు లిఫ్టులు బాగుచేసే పనికి, కోడలు వీధి చివరి కళ్లద్దాల దుకాణానికి వెళ్లారు. చంటివాడు పాలు తాగి నిద్రపోయాడు. నాన్నమ్మ ముందుగదిలో మిషన్ దగ్గర కూర్చుని దిండు గలీబులు కుడుతోంది. దారం తెగింది. మిషన్ ఆగిన ఆ నిశ్శబ్దంలో లోపలి గదిలోంచి గరగరమని ఏదో చప్పుడు వినిపించింది. దాని వెనకే మనవరాలి గొంతు.

"నోరు తెరువు తమ్ముడూ... నోటితో ఊపిరి తీసుకో..."

ఆవిడ ఎలా లేచిందో, గది ఎలా దాటిందో ఆవిడకే తెలియదు. మంచం మీద చంటివాడు వెల్లకిలా కొట్టుకుంటున్నాడు. ముఖం కమిలిపోయి నల్లబడుతోంది. పక్కన మోకాళ్ల మీద మనవరాలు, చేతిలో ఆ సీసా.

నాన్నమ్మ పసివాణ్ణి లాక్కుని, ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి వంచి వీపు మీద చరిచింది. ఉలుకూ పలుకూ లేదు. మళ్లీ చరిచింది. పాలూ నీళ్లూ కలిసి బయటికొచ్చాయి. తర్వాత కేరుమని ఏడుపు.

వాణ్ణి భుజాన వేసుకుంటూనే ఆవిడ చెయ్యి ఎత్తింది. మనవరాలి చెంప ఛెళ్లుమంది.

"చంపేద్దామనుకున్నావా వాణ్ణి?"

పిల్ల ఏడవలేదు. చెంప పట్టుకుని మూలకి జరిగింది.

ఫోను అందుకుని కోడలు పరుగున వచ్చింది, కొడుకు పనిబట్టల్లోనే వచ్చాడు. మనవరాలిని ఎదురింటావిడకి అప్పగించి, చంటివాణ్ణి ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తారు. డాక్టరు ఛాతీ విని, సాయంత్రం దాకా కళ్ల ముందే ఉంచుకుని, భయం లేదన్నాడు. "ఆ సీసా తనంతట తాను వంగి నిలబడగలిగే పిల్లలకమ్మా. ఇంత పసివాళ్లకి కాదు. మందయినా, సీసా అయినా పిల్లలకి అందనివ్వకండి," అని గట్టిగా చెప్పాడు.

ఆసుపత్రి వరండాలోనే గొడవ రేగింది.

"అప్పుడే మొత్తుకున్నాను. విన్నావా?" అంది నాన్నమ్మ.

"సీసా అందేచోట పెట్టింది నేనే. తప్పు నాదే," కోడలు కళ్లు తుడుచుకుంది.

కొడుకు గొంతు తగ్గించాడు. "తప్పు సీసాది కాదమ్మా. అందరం వాణ్ణే ఎత్తుకుంటున్నామని దానికి కడుపుమంట."

కోడలు విసురుగా లేచింది. "ఆరేళ్లదండీ! నా కూతుర్ని హంతకురాల్ని చేయకండి!"

ఇంటికొచ్చేసరికి ఎదురింటావిడ గుమ్మంలోనే ఉంది. "అన్నం ముట్టలేదు. మీ ఇంటికే వెళ్తానని ఏడిస్తే తీసుకొచ్చాను. మంచం కిందికి దూరింది, ఎంత పిలిచినా రాదు."

నాన్నమ్మ నడుం పట్టుకుని కిందికి వంగి చూసింది.

పిల్ల ముక్కుకి బట్టలారేసే క్లిప్పు పెట్టుకుని ఉంది. అది కరిచినచోట చర్మం కందిపోయింది. నోటితో ఊపిరి పీలుస్తూ, కళ్లలోంచి నీళ్లు కార్చుకుంటోంది.

"ఏమిటే ఇది!" ఆవిడ క్లిప్పు లాగేసింది.

"కుళాయి కట్టేశాను నాన్నమ్మా," అంది పిల్ల ఎక్కిళ్ల మధ్య. "నా జలుబే తమ్ముడి ముక్కులోకి వెళ్లిందన్నావుగా. కడిగేస్తే వాడికి మళ్లీ ఆసుపత్రి ఉండదనుకున్నా. నన్ను మంచం దగ్గరికి రానిస్తారనుకున్నా. తమ్ముడు చచ్చిపోయాడా?"

కొడుకు గోడకి ఆనుకుని ముఖం దాచుకున్నాడు. కోడలు నేల మీద కూలబడి కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది.

"లేదమ్మా, బాగున్నాడు. నీవల్ల ఏమీ కాలేదు. జలుబు ఎవరి నుంచి ఎవరికొచ్చిందో ఎవరు చెప్పగలరు?"

నాన్నమ్మ ఆ కందిన ముక్కునే చూస్తోంది. నవ్వుతూ అన్న మాటలు, విసుగులో అన్న మాటలు ఒక్కొక్కటే చెవుల్లో గింగిరాలెత్తాయి. కొట్టిన చెయ్యి కంటే ముందు నోరే కొట్టింది ఆ పిల్లని.

"నా నోటికి బుద్ధి లేదు తల్లీ," అంటూ మనవరాలి చెంప నిమిరి బావురుమంది. తర్వాత చంటివాణ్ణి తెచ్చింది. "చేతులు కడుక్కుని రా. ఇవాళ నీకు జలుబు లేదుగా, తమ్ముణ్ణి ఎత్తుకుందువుగాని."

పిల్ల గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుంది. తమ్ముణ్ణి ఒళ్లో పెట్టగానే వాడు బోసినోటితో నవ్వి ఆమె జుట్టు పట్టుకున్నాడు. అక్క మాత్రం నవ్వలేదు. బుగ్గలు ఉబ్బాయి, ముఖం ఎర్రబడుతోంది. ఎందుకో అర్థం కావడానికి నాన్నమ్మకి క్షణం పట్టింది.

వాడి మీద తన గాలి పడకుండా పిల్ల ఊపిరి బిగబట్టింది.

"ఊపిరి తీసుకోవే," అంది నాన్నమ్మ ఇద్దర్నీ కలిపి గుండెకు హత్తుకుంటూ. "తీసుకో నా తల్లీ, తీసుకో!"