ఒడ్డుకు వినబడ్డ ఏకాంతం

పడవ కదలకముందే మనీషాకు విసుగొచ్చింది.

లైఫ్ జాకెట్ బకిల్ పడటం లేదు. ఎదురుగా కూర్చున్న మనిషి చెయ్యి చాపి సాయం చేయొచ్చు. చేయలేదు. బకిల్ పడ్తలేదా అని అడిగాడు. ఆ అడగడం ఒడ్డున మక్కకంకులు కాలుస్తున్న ఆమెకు కూడా వినబడింది. ఆమె విసనకర్ర ఆపి ఇటు చూసింది.

"పడ్తలేదు" అంది మనీషా, మెల్లగా.

"పడ్తలేదు" అన్నాడు అతను, గట్టిగా. అని ఊరుకున్నాడు.

పడవ నడిపే మల్లేశ్ లేచి వచ్చి బకిల్ పెట్టాడు. పెట్టి, ఇద్దరినీ ఒకసారి చూసి, తెడ్డు దగ్గరికి పోయి కూర్చున్నాడు.

వీళ్లిద్దరూ కలుసుకోవడం ఇది రెండోసారి. మొదటిది పది రోజుల కింద ఆదివారం, కొడంగల్‌లో మనీషా వాళ్లింట్లో, పెళ్లిచూపులప్పుడు. అక్కడ సుశాంత్ ఒక్క మాటా మాట్లాడలేదు. తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ నడుపుతాడు, తండ్రి లేడు, తల్లి ఒక్కతే. తల వంచుకుని కూర్చున్నాడు, లడ్డూ తిన్నాడు, పోయాడు. నెమ్మదస్తుడని ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. నోట్లో లడ్డూ ఉంటే ఎవరైనా నెమ్మదస్తులే.

పడవ ఆలోచన మనీషా చెల్లెలు శ్రేయది. ఇంట్లో గది చూపించి మాట్లాడుకొమ్మంటే తలుపు బయట అందరూ నిలబడతారు, కోట్‌పల్లి ప్రాజెక్టులో ప్రైవేటు పడవ తీసుకుంటే నీళ్ల మీదికి ఎవరొస్తారు అని వాదించింది. ఆదివారం రద్దీగా ఉంటుందని బుధవారం పెట్టించింది. మనీషా లీవు పెట్టింది. శ్రేయ, తండ్రి సుధాకర్, అబ్బాయి తల్లి గోవిందమ్మ ఒడ్డున బెంచీ మీద కూర్చున్నారు. పడవ తిరిగి రాగానే అటో ఇటో తేల్చేసి మాట ఇచ్చిపుచ్చుకోవాలని పెద్దలు అనుకున్నారు.

మనీషాకు ఏకాంతం కావలసింది ఒకే ఒక్క సంగతికి. ఆమె కరణ్‌కోటలో సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తుంది. రోజూ కొడంగల్ నుంచి తాండూరు, తాండూరులో బస్సు మారి కరణ్‌కోట. పెళ్లయ్యాక ఉద్యోగం మానాలని అబ్బాయి తరఫువాళ్లు అడిగారని, తాను ఒప్పుకున్నానని తండ్రి చెప్పాడు. తాండూరుకు కోడలిగా పోతే ఆఫీసు దగ్గరవుతుంది. దగ్గరయ్యాక మానేయాలట. వారం నుంచి ఆమెకు అన్నం సయించలేదు. మాననని ఇతని మొహం మీద చెప్పాలి. మా అమ్మ ఎట్లంటే అట్ల అన్నాడంటే, ఒడ్డు దిగి ఈ సంబంధం వద్దని చెప్పాలి.

పడవ కదిలింది. వానాకాలం చివర కాబట్టి నీళ్లు నిండుగా ఉన్నాయి. అవతల గుట్టల మీద మబ్బు వేలాడుతోంది. గాలి లేదు, అల లేదు. తెడ్డు నీళ్లలో పడ్డ చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు.

సుశాంత్ రెండు చేతులతో పడవ అంచు పట్టుకున్నాడు. నీళ్లంటే భయమా అని ఆమె అడిగింది.

"నీళ్లంటే భయమా" అన్నాడు. తర్వాత, "ఔను" అన్నాడు.

ఒడ్డున శ్రేయ నవ్వడం వినబడింది. అంత దూరం నుంచి నవ్వు వినబడటం ఏమిటని మనీషాకు అప్పుడే తోచవలసింది. తోచలేదు. విసుగులో ఉన్న మనిషికి ఏదీ తోచదు.

లీవు దొరికిందా అని అతను అడిగాడు. దొరికింది అంది. దొరికింది అన్నాడు. ఎండ లేదు, నయం అంది. ఎండ లేదు అన్నాడు. గోడకు బంతి కొట్టినట్టుంది. గోడ నయం, దానికి బదులు చెప్పే పని లేదు.

"నేనన్నది మళ్ల మీరెందుకంటున్నరు?" అని అడిగేసింది.

అతను ఆ ప్రశ్ననూ సగం తిరిగి చెప్పి, మధ్యలో గుర్తొచ్చి ఆపేశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. కనుబొమ్మల్లో తెల్లటి బండ పొడి సన్నగా మిగిలి ఉంది. తలస్నానం చేసి వచ్చినా పోలేదు. ఆమె ఆ పొడి వైపు అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపు చూసింది.

యూనిట్‌లో కటింగ్ మిషన్లు నడుస్తుంటే పక్కవాడి మాట వినబడదని, ఎవరు ఏ సైజు చెప్పినా విన్నవాడు గట్టిగా తిరిగి చెప్పాలని, చెప్పకపోతే బండ తప్పు కోస్తారని, కోసిన బండ మళ్లీ అతకదని అతను వివరించాడు. అదంతా పెద్ద గొంతుతోనే వివరించాడు.

"నా గొంతు సంగతి నాకెర్కనే" అన్నాడు చివర. "అందుకే మీ ఇంట్ల నోరు తెర్వలే."

మనీషాకు నవ్వొచ్చింది. నవ్వితే అసలు సంగతి పక్కకు పోతుందని ఆపుకుంది. మల్లేశ్ ఆపుకోలేదు.

ఒక సంగతి చెప్తాను, జర మెల్లగా వినండి అంది. వినడం మెల్లగా ఎట్లా ఉంటుందో తెలియకపోయినా అతను తలూపాడు. ఆమె ముందుకు వంగింది. అతనూ వంగాడు. పడవ ఒక పక్కకు ఒరిగింది. సక్కగ కూసోండ్రి అని మల్లేశ్ కసిరాడు. ఇద్దరూ వెనక్కి జరిగారు. దాంతో గుసగుసగా చెప్పే వీలు పోయింది.

"పెళ్లయినంక నేను ఉద్యోగం మానను" అంది.

అతను ఆమెనే చూస్తున్నాడు. మాట లోపలికి పోయింది. పోయి, అలవాటు చొప్పున బయటికొచ్చింది.

"పెళ్లయినంక ఉద్యోగం మానరు."

కంకులామె విసనకర్ర మళ్లీ ఆగింది. బెంచీ మీది సుధాకర్ కంకి నోటి దగ్గర పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. గోవిందమ్మ లేచి నిలబడింది. అప్పుడు తెలిసింది మనీషాకు, తెడ్డు చప్పుడు తప్ప ఏ చప్పుడూ లేని నీళ్ల మీద మనిషి గొంతు ఎంత దూరం పోతుందో.

"మెల్లగ అంటి గదా మీకు" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. వారం నుంచి మనసులో కట్టుకున్న మాటను ఇతను మైకులో చెప్పినట్టు చెప్పేశాడు. "నడుపన్నా, ఒడ్డుకు తీస్కపో."

మల్లేశ్ పడవ మళ్లించబోయాడు. ఈలోపు ఒడ్డు నుంచి సుధాకర్ కేక వేశాడు. బిడ్డకు ఏం తెలియదని, చిన్నపిల్ల మాట పట్టించుకోవద్దని, ఉద్యోగం మానేస్తుందని, తాను మాట ఇచ్చిన మనిషినని నీళ్ల మీదుగా చెప్పాడు. ఆ చిన్నపిల్ల ల్యాబులో సంతకం పెట్టనిదే సిమెంటు బస్తా బయటికి పోదు. అది ఆయనకు గుర్తు రాలేదు.

గోవిందమ్మ ఆయన వైపు తిరిగింది. ఆమె కొడుకుకు ఆ గొంతు ఒక్క యూనిట్ వల్లే రాలేదు.

"మానుమని ఎవరన్నరన్నా?"

"మీరే గదా వదినా" అన్నాడు సుధాకర్.

"నేనెప్పుడన్న?"

సుధాకర్ కంకిని చూశాడు. కంకి ఏమీ చెప్పలేదు.

"మీరు అనలే. అంటరేమోనని నేనే అన్న."

ఇద్దరూ పడవలో నుంచి విన్నారు. మల్లేశ్ తెడ్డు పైకెత్తి పట్టుకున్నాడు, చప్పుడుకు ఏ మాటా పోకుండా.

సుధాకర్ తాండూరు మార్కెట్‌లో రైతుల కందులు కమీషన్ మీద అమ్మిపెట్టే అడ్తి వ్యాపారి. బస్తా మూతి విప్పగానే, కొనేవాడు చెయ్యి పెట్టకముందే, కొంత తరుగు తనంతట తానే తీసేయడం ఆయన అలవాటు. తాలు ఉందనో తేమ ఉందనో కొంత తానే వదులుకుంటే, కొనేవాడు మెత్తబడి ధర దగ్గర పేచీ పెట్టడని ఆయన లెక్క. మార్కెట్‌లో అది నడిచింది. పెళ్లి మాటల్లోనూ నడుస్తుందనుకున్నాడు. అబ్బాయి తరఫువాళ్లు పెద్దది ఏదో అడుగుతారని భయపడి, అడగకముందే బిడ్డ తానే మానేస్తానందని చెప్పి, ఆమె ఉద్యోగం తీసి పక్కన పెట్టాడు. ఇంటికొచ్చి, వాళ్లే అడిగారని చెప్పాడు. చేసిన పని బిడ్డకు చెప్పే ధైర్యం లేనివాళ్లు ఇట్లాగే చేస్తారు.

తరుగు సంగతి ఆయన ఒడ్డున గొణిగాడు. గొణిగినా వినబడింది.

వారం నుంచి మనీషా తిట్టుకున్నది ఎదురుగా కూర్చున్న మనిషిని. తిట్టవలసింది బెంచీ మీది మనిషిని. తిట్లన్నీ వృథా అయ్యాయి.

"మీరు గూడ నమ్మిండ్రా, నేనే మానేస్తనన్ననని?" అని అడిగింది.

అతను ఈసారి తిరిగి చెప్పలేదు. మాట వెతుక్కున్నాడు.

"నమ్మిన. మనసు మంచిగనిపియ్యలే" అన్నాడు. "యాడాది సంది సూస్తున్న మిమ్ముల. తాండూరు బస్టాండ్ ముంగట చాయ్ తాగుత నేను పొద్దుగాల. మీరు కొడంగల్ బస్సు దిగి కరణ్‌కోట బస్సుకు ఉరుకుతరు. టిఫిన్ బ్యాగు ఒక దిక్కు, చున్నీ ఒక దిక్కు. ఒకనాడు బస్సు పోయింది. మీరు దాన్ని నిలబడి తిట్టిండ్రు. మనిషిని తిట్టినట్టే తిట్టిండ్రు. అమ్మకు అప్పుడే చెప్పిన, ఈ పిల్లనే అడుగుమని."

మనీషాకు ఆ రోజు గుర్తుంది. ఆ బస్సుకు తగిన మాటలే అన్నది. ఎవరూ వినలేదనుకుంది.

"ఉరుకుడు సూసి ఇష్టపడ్డోన్ని" అన్నాడు సుశాంత్. "మీరు ఆ బస్సు ఎక్కకపోతే నాకేం మంచిగుంటది?"

అతని గొంతు తగ్గలేదు. తగ్గించడం అతనికి రాదు. ఏడాది నుంచి తల్లికి తప్ప ఎవరికీ చెప్పని సంగతి ఒడ్డు మీద కంకులామె దాకా పోయింది. శ్రేయ ఫోను తీసి ఇటు పట్టుకుంది. గుట్టల మీది మబ్బు జరిగి నాలుగు చినుకులు రాలాయి. అతని కనుబొమ్మ మీద ఒకటి పడి, తెల్లపొడి కరిగి చెంప మీదికి గీతలా జారింది. తుడుచుకో అని చెప్పాలనిపించింది మనీషాకు. చెప్పలేదు. అట్లాగే బాగుంది.

ఒడ్డున గోవిందమ్మ తన మాట తాను చెప్పింది. ఆమెకు కోడలు ఇంట్లో కూర్చోవాలని లేదు. పొద్దంతా ఇద్దరు ఆడవాళ్లు ఒకే వంటింట్లో ఉంటే పోట్లాట తప్ప ఏముంటుందని అడిగింది. అత్తతో ఆరేళ్లు అట్లాగే గడిపానని, మళ్లీ గడిపే ఓపిక లేదని చెప్పింది. "పోనీయన్నా. పొద్దున పోయి మాపటికి రానీ. ఇద్దరికీ సుఖం" అంది. అందులో ప్రేమ ఎంతో తెలియదు. అబద్ధం మాత్రం లేదు.

సుధాకర్‌కు ఊపిరి వచ్చింది. ఊపిరి రాగానే మళ్లీ పాత పనే మొదలుపెట్టాడు. అయితే తమ బిడ్డకు సమ్మతమేనని, వేరే అడిగే పని లేదని, కార్తీకంలో పెట్టుకుందామని గోవిందమ్మతో చెబుతున్నాడు.

మనీషా లేచి నిలబడింది.

పడవ ఊగింది. సుశాంత్ రెండు చేతులా అంచు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. నీకు దండం పెడ్త కూసో అక్కా అని మల్లేశ్ బతిమాలాడు. ఆమె కూర్చోలేదు. పుట్టిన్నుంచి ఇంట్లో గొంతెత్తని పిల్ల. ల్యాబులో కూడా పక్క టేబులుకు వినబడేలా మాట్లాడదు. ఇప్పుడు నోటికి రెండు పక్కలా చేతులు పెట్టుకుంది.

"డాడీ, ఇగ నా మాట నువ్వు చెప్పకు. నాకు నోరున్నది."

కంకులామె దగ్గర నిప్పురవ్వ చిటపటలాడింది. సుధాకర్ ఏదో అనబోయాడు. గోవిందమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వినమన్నట్టు పెట్టింది.

"ఉద్యోగం చేస్త. ఈయనను చేసుకుంట. రెండూ నా ఇష్టమే. నువ్వు తరుగు తీసుడు బంద్ చెయ్."

చెప్పి కూర్చుంది. సుశాంత్ కళ్లు తెరిచాడు. ఆమె చెప్పింది కళ్లు మూసుకునే విన్నాడు. ఇప్పుడు ఆమె మొహం చూశాడు. ఆమె చున్నీ కొస నీళ్లలో పడి తడుస్తోంది. ఒక చెయ్యి పడవ అంచు వదిలి, భయంభయంగా వంగి, దాన్ని తీసి పిండి ఆమె ఒళ్లో పెట్టాడు. ఆమె ఆ చేతిని చూసింది. వేళ్లన్నీ బండలు కోసి గరుకెక్కి ఉన్నాయి. ఆమె చూసినా అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఒడ్డున సుధాకర్ బెంచీ మీద కూలబడి, చల్లారిన కంకి కొరికాడు. బిడ్డ ఆయనను ఇప్పట్లో క్షమించదు. క్షమించవలసిన తొందర కూడా లేదు.

చినుకులు పెద్దవవుతున్నాయని, అయిపోయిందిగా, ఒడ్డుకు పోదామా అని మల్లేశ్ అడిగాడు.

ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు.

మల్లేశ్‌కు విసుగొచ్చింది. తువ్వాల నెత్తిన వేసుకుని, పడవను గుట్టల వైపు తిప్పాడు.