రెండు వరుసలూ గులాబీ రంగే

“మాస్కు యాడప్పా?”

మదనపల్లెలోని ఆ క్షయ వార్డులో అడుగుపెట్టగానే ప్రతాప్ విన్న మొదటి మాట అది. జడివానలో తడిసి, ఐసు పెట్టెను చంటిబిడ్డలా గుండెకు హత్తుకుని నిలబడ్డ మనిషిని ఎవరైనా తువ్వాలు కావాలా అని అడుగుతారు. స్టాఫ్ నర్సు గ్లోరీ అడగలేదు.

“జేబులో ఉండాది సిస్టర్. తడిసిపోయింది.”

“జేబుకు దగ్గు రాదు సార్. కొత్తది ఏసుకోండి.”

ప్రతాప్ కుప్పంలో పరిశోధన విద్యార్థి. ఆ రోజు మొదలు ప్రతి గురువారం రోగుల రక్తం తీసుకుపోవడానికి వచ్చేవాడు. దారిలో పుంగనూరు బస్టాండులో వాళ్ళమ్మ కిటికీలోంచి క్యారియరు అందించి, “ఆడ ఎవురైనా మంచి పిల్ల ఉండాదా?” అని అడిగేది. టీబీ వార్డులో పిల్లను వెతకమనే తల్లి జిల్లా మొత్తానికి ఆమె ఒక్కతే అయి ఉంటుంది.

వార్డులో ముప్పై మంది మగవాళ్ళు. ఎడమ వరుసకు మందులతో పాటు రోజూ ఒక పొట్లం వేయించిన వేరుశెనగ పప్పు గ్లోరీ ఇచ్చేది. కుడి వరుసకు మందులు మాత్రమే.

“పప్పులు తింటే జబ్బు తగ్గుతాదా సార్?” అంది గ్లోరీ ఒకసారి.

“తగ్గించేది మందులే. పప్పుల్లో ఆర్జినిన్ అనే పదార్థం ఉండాది. మన తెల్లకణాలు దాంతో నైట్రిక్ ఆక్సైడ్ అనే గ్యాసు తయారుచేసి, మింగిన క్రిముల మీదికి వదుల్తాయి. పప్పులు తింటే ఆ గ్యాసు పెరుగుతాదా అని సూస్తాండాను.”

“పప్పులు తింటే గ్యాసు పెరుగుతాదని తెలుసుకునేదానికి కుప్పం నుంచి రావల్లనా?”

ప్రతాప్ నవ్వు ఆపుకుని మిగతా పాఠం కూడా చెప్పాడు. అదే ఆర్జినిన్ కోసం కణంలో ఇంకో ఎంజైమ్ కాచుకుని ఉంటుంది. అది గ్యాసు చేయదు, గాయం మాన్పే సరుకు చేస్తుంది. ఉన్నది ఒకటే పిండి. ఒకావిడ దోసెలంటుంది, ఒకావిడ ఇడ్లీలంటుంది.

“ఏది గెలవల్ల?”

“గ్యాసు.”

“మరి గాయం మానొద్దా?”

ప్రతాప్ ఐసు పెట్టె మూత బిగించాడు. మాస్కు పైనుంచి ఆమె కళ్ళు నవ్వాయి. ఆ కళ్ళు తప్ప ఆమె ముఖం ఎలా ఉంటుందో అతనికి తెలియదు. అయినా తిరుగు బస్సులో ఆ ముఖాన్నే తలచుకునేవాడు, కింది సగం సొంతంగా పూరించుకుని.

ఐదో నెలలో నవ్వులు ఆగిపోయాయి.

రోగుల రక్తంలోంచి తీసిన తెల్లకణాలు పెంచిన నీళ్ళలో ఒక రసాయనం కలిపితే గులాబీ రంగు వస్తుంది. గ్యాసు ఎక్కువైతే రంగు చిక్కబడుతుంది. ఎడమ వరుస చిక్కగా, కుడి వరుస పలచగా రావాలి. రెండు వరుసలూ ఒకే రంగుకు వచ్చాయి.

“ఎవరో కుడి వరుసకూ పెడతాండారు,” అన్నాడు కుప్పంలో అతని పరిశోధన చూసే గైడు. “ఆ సిస్టర్ పేరు రాసియ్యి. లేదంటే నీ థీసిస్ మర్చిపో.”

ప్రతాప్ తొందరపడ్డాడు. గురువారం వార్డు మధ్యలో నిలబడి, అందరూ వింటుండగా అడిగేశాడు. “కుడి వరుసకి మీరే పెడతాండారా?”

గ్లోరీ కళ్ళల్లో ఏదో ఆరిపోయింది. “నేను ఎడమ పక్కకే ఇస్తాండాను,” అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత అతన్ని ఎగతాళిగా కూడా సార్ అనలేదు.

పై వారం అతను సాయంత్రం నాలుగింటి దాకా వార్డులోనే కూర్చున్నాడు. ఎడమ వరుసలో కురబలకోట గొర్రెల కాపరి దాసప్ప పొట్లం విప్పి, మాట్లాడుతూనే లేచి సగం ఎదురు మంచం బాలప్ప దోసిట్లో పోశాడు. వరుసంతా అదే పని.

“నువ్వు తినల్ల కదా పెద్దాయనా, ఆయనకి యాల ఇస్తాండావు?”

“బాగుండాది నీ మాట! మనిషి ఎదురుగా కూసోనుంటే నేనొక్కన్నే ఎట్ల నమిలేదప్పా? గొర్రెలన్నా గుంపుగా మేస్తాయి.”

ప్రతాప్ తల దించుకున్నాడు. క్షమాపణ చెప్పాలని వెతికితే గ్లోరీ డ్యూటీ అయిపోయి వెళ్ళిపోయింది.

తర్వాతి గురువారానికి దాసప్ప మంచం ఖాళీగా ఉంది.

వరండాలో వాన చినుకులు పడుతున్న బెంచీ మీద గ్లోరీ కూర్చుని ఉంది. మాస్కు లేదు. అతను ఊహించుకున్న ముఖం కాదది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖం.

“పంచుకుంటాండారని నాకు ముందే తెలుసు,” అంది, అతని వైపు చూడకుండా. “చెప్తే వాళ్ళని తిడతారని చెప్పలా. ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఆయన పొట్లం ఆయనే తినుంటే బతికుండునా?”

లేదు అంటే సరిపోయేది. ఆ మాట అతని నాలుక చివరిదాకా వచ్చింది.

“తెలీదు గ్లోరీ. అది తెలుసుకునేదానికే ఇదంతా పెట్టింది. ఇంక ఎప్పటికీ తెలీదు.”

ఆమె చాలాసేపు ఏడ్చింది. అతను పక్కన నిలబడి వానలో తడిశాడు.

“పొద్దున్నుంచి అందురూ నీ తప్పేముంది అంటాండారు,” అంది చివరికి. “వాళ్ళకెట్ల తెలుసంట?”

ప్రతాప్ సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. గైడుకు రాసింది. ‘ఆకలిగా ఉన్న మనుషులను ఎదురెదురుగా పడుకోబెట్టి సగం మందికే తిండి ఇవ్వాలనుకోవడం నా తప్పు. నర్సు తప్పు లేదు. ఈ ఫలితాలు పనికిరావు.’

“నీ డిగ్రీ?”

“రెండేండ్లు ఎనక్కి పోతాది. ఈ వార్డుకు రానియ్యరు. నిన్ను అందరి ముందరా అట్ల అడిగుండకూడదు, అది చెప్పేదానికి వచ్చినా. ఇంక గురువారాలు రావల్లంటే నాకు వేరే కారణం కావల్ల.”

గ్లోరీ కాగితం మడిచి తిరిగి ఇచ్చింది. “ఆదివారం చర్చి అయినాక మాయమ్మ ఇంట్లోనే ఉంటాది.”

“నేనెవురని చెప్తావు?”

“పరీక్ష తప్పినోడు, తప్పినానని రాసిచ్చినోడు అని.”

“ఒప్పుకుంటాదా?”

“తెలీదు,” అని గ్లోరీ బెంచీ మీద కొంచెం పక్కకు జరిగింది.

ప్రతాప్ కూర్చున్నాడు.