చెయ్యి చూపని గుంట

పొద్దున్న లాడ్జి మెట్ల దగ్గర చక్రాలకి గాలి కొట్టుకుంటున్నంతసేపూ బావ నోరు విప్పలేదు. బావమరిది నోరు మూయలేదు. సామానంతా సైకిళ్లకి కట్టుకుని ఊళ్లూ కొండలూ పట్టి తిరగడం ఇద్దరికీ సరదానే. వారంగా తిరుగుతున్నారు, ఇంకో వారం ఉంది. పేచీ అల్లా నిన్న సాయంత్రం వచ్చింది. అదే లాడ్జిలో దిగిన ఇంకో నలుగురు సైకిలువాళ్ల ముందు బావమరిది టీ తాగుతూ, "మా బావని గాలికి అడ్డం పెట్టుకోడానికి తెచ్చుకున్నా. ముసలాడైనా గోడలా పనికొస్తాడు" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. బావ కూడా నవ్వాడు. నవ్వి, ఆ మాట మనసులో పెట్టుకుని పడుకున్నాడు.

నలభై దాటగానే ముసలాడంటే ఎవడికైనా మండుతుంది, కాదనను. కానీ మంటకీ ఒక హద్దుండాలి కదా.

ఎదురుగాలిలో ఇద్దరు తొక్కేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ముందువాడు గాలిని చీల్చుకుంటూ పోతాడు. రెండోవాడు ఆ వెనక చక్రానికి జానెడు దూరంలో అతుక్కుని వస్తాడు. సగం కష్టం తప్పుతుంది. కాకపోతే వాడికి రోడ్డు కనపడదు. అందుకని గుంట వచ్చినప్పుడల్లా ముందువాడు చెయ్యి కిందికి దించి అది ఏ పక్కనుందో వేలితో చూపించాలి. వెనకవాడు "చూశా" అనాలి. ఎంత పోట్లాడుకున్నా, ఎంత అలిసిపోయినా ఈ ఒక్కటీ మానరు. మానితే వెనకవాడి పళ్లు రాలిపోతాయి.

బయల్దేరిన రోజు బావ పెళ్లాం గేటు పట్టుకుని నిలబడి మరీ మరీ చెప్పింది. "వాడికి ముందూ వెనకా తెలియదండీ. అమ్మా నాన్నా పోయాక నాకు మిగిలింది వాడొక్కడే. మీదే పూచీ." బావ సరేనన్నాడు.

మధ్యాహ్నానికి కొండ పైకి చేరారు. పైన రోడ్డు చదునుగానే ఉంది. కానీ మంచు దిగింది. తెల్లగా, తడిగా, ముక్కుల్లోకి దూరేలా. నాలుగు గజాల అవతల ఏముందో తెలియదు. ఒక పక్క మట్టిగట్టు, రెండో పక్క తుప్పు పట్టిన రెయిలింగు, దాని అవతల లోయ. మనిషి అలికిడి లేదు. గాలి మొహాన కొడుతుంటే బావ తల వంచుకుని తొక్కుతున్నాడు. వెనక నుంచి బావమరిది చక్రం టిక్కుటిక్కుమంటోంది. పొద్దుట్నుంచీ దొరగారు ఒక్కసారి ముందుకి రాలేదు. మాటవరసకైనా నా వంతు వచ్చిందా అని అడగలేదు. పైగా ఈల ఒకటి.

గట్టు పక్కన గుంట కనపడింది. నీళ్లు నిండి, అంచులు విరిగి, ఒక బకెట్టు దిగేంత లోతు. అలవాటు కొద్దీ బావ చెయ్యి హ్యాండిల్ వదిలింది. మళ్లీ పట్టుకుంది. పడితే మోకాలు చెక్కుకుపోతుంది, అంతేగా, తిక్క కుదురుతుంది అనుకున్నాడు. ఎంత తేలిగ్గా అనుకున్నాడో చూడండి. ఆఖరి క్షణంలో తను మాత్రం పక్కకి తప్పుకున్నాడు.

ఈల ఆగిపోయింది. పడిన చప్పుడు మాత్రం రాలేదు. వెనక నుంచి "చూశా" అని వినపడింది.

బావకి ఒళ్లు మండిపోయింది. చూపించకుండా ఎలా చూశాడు వీడు? ఇంకో గుంట వచ్చింది. ఈసారి కావాలనే రెండు చేతులూ బిగించి పట్టుకున్నాడు.

"చూశా."

గొంతు దగ్గరికొచ్చింది. వీపుకి ఆనుకుని అన్నట్టుంది. ఆ గొంతులో ఆయాసం లేదు. ఇంత గాలిలో, పొద్దుట్నుంచీ తొక్కి, ఆయాసం లేకుండా ఎవడు మాట్లాడతాడు... మెడ వెనక చల్లగా తగిలింది. మంచు కాదు. నానిపోయిన తోలు వాసన వేసింది. బావకి తిరిగి చూడబుద్ధి కాలేదు.

"ముందుకి రారా," అన్నాడు మెల్లిగా. "నీ వంతు."

టిక్కు... టిక్కు... టిక్కు... ముందు మంచు తప్ప ఏమీ లేదు. గుంటా లేదు, రాయీ లేదు.

"చూశా," అంది గొంతు, సరిగ్గా చెవిలో.

బావ రెండు బ్రేకులూ నొక్కేశాడు. కాలిన రబ్బరు కంపు. అడుగు దూరంలో రోడ్డు సగానికి కోసుకుపోయి ఉంది. రెయిలింగు లేదు. కింద ఎక్కడో రాళ్ల మీద నీళ్ల చప్పుడు. తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

అప్పుడు తెలిసింది మహానుభావుడికి, బావమరిది మొదటి గుంటలోనే పడ్డాడని. సైకిలు వెనక్కి తిప్పాడు. పెళ్లానికి ఏం చెప్పాలి? చెయ్యి చూపించా, వాడే చూసుకోలేదు అందామనుకున్నాడు. దారి పొడుగునా ఆ అబద్ధాన్నే నాలుగు రకాలుగా మార్చి మార్చి అనుకున్నాడు. బతికుంటే చాలు అని అనుకోవడం మాత్రం ఆ తర్వాతే గుర్తొచ్చింది.

బతికే ఉన్నాడు. గుంట పక్కన సైకిలు వంకర తిరిగి పడుంది. గట్టు వారన బురదలో బావమరిది వెల్లకిలా ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద విరిగి పక్కకి తిరిగింది. కుడిది కూడా.

బావ సైకిలు పడేసి బురదలోకి దిగాడు. వాడు బావని చూశాడు. చూసి, ఒక చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని, రెండో మోచేతి మీద వెనక్కి జరగబోయాడు.

"వద్దు బావా... అక్కకి చెప్పను. ఒట్టు."

"ఏం చెప్పవురా? నేను ఇప్పుడేగా వస్తున్నా..."

"గుంటలో పోయింది ఈ ఒక్క కాలే." గొంతు గుసగుసకి మించి రావడం లేదు. "నీళ్లడిగితే... బూటుతో రెండోది... ఇప్పుడు చేతులన్నావుగా. చేతులు మాత్రం వద్దు బావా."

బావ ఉన్నచోటే ఆగిపోయాడు. సైకిలు బూటు అడుగున, పెడలుకి పట్టుకోడానికి, ఒక ఇనప బిళ్ల ఉంటుంది. బావ బూటుది ఒక మూల విరిగింది. ఆ విరిగిన బిళ్ల గుర్తులు బురదలో రోడ్డు దగ్గర్నుంచి వాడి దాకా రెండు వరసలున్నాయి. ఒకటి ఇప్పుడు తను నడిచొచ్చింది. దాని పక్కనే ఇంకోటి, అంతకంటే లోతుగా, ఇంకా నీళ్లు ఊరుతూ ఉంది.

రెండూ వచ్చిన అడుగులే. తిరిగి వెళ్లిన అడుగు ఒక్కటీ లేదు.