పంతొమ్మిదో పడవ

ఊళ్ళోకి సముద్రం రాకుండా కాసే ఉప్పాడ కడలితలుపు ఇరవై రెండేళ్ళుగా ఒక్క క్షణం కూడా పని మానలేదు. పోటు వేళకి మూసుకునేది, తగ్గగానే తెరుచుకునేది. దాన్ని నడిపించే మూలబుద్ధి ఈమధ్య తడబడుతోంది. దాన్ని మార్చడానికి ఆ మధ్యాహ్నం ఇంజనీరు సూర్యావతి వచ్చింది. మార్చాలి, కానీ తలుపు యంత్రం ఆగకూడదు.

అందుకే మార్పుగింజ. లినక్స్ వంశానికి చెందిన ఆ చిన్న స్థాపకాన్ని నడుస్తున్న యంత్రపు స్మృతిగదిలోకి, అంటే అప్పటికప్పుడు వాడుకునే తాత్కాలిక జ్ఞాపకంలోకి, నేరుగా ఎక్కిస్తారు. అది అక్కడే మేల్కొని, పగ్గాలు అందుకుని, యంత్రం ఆపినా చెరగని నిల్వపలక మీది పాత బుద్ధిని తుడిచి కొత్తది రాస్తుంది. తను నిలబడ్డ ఇంటి పునాదిని మార్చేస్తూ కూడా ఇంట్లో దీపం ఆరనివ్వదు. ఎన్నిసార్లు చూసినా సూర్యావతికి ఒళ్ళు పులకరించేది.

మీట నొక్కింది. తలుపు వణకనైనా లేదు. "శభాష్!" అంది పైకే.

గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఓలేటి పోలమ్మ తలెత్తింది. "అయిపోయిందాండీ? మా పడవలన్నీ వచ్చాకే మూస్తది కదండీ, ఎప్పట్లాగే?"

"పడవలా?" సూర్యావతి నిబంధనల పట్టీలో వెతికింది. పడవల ఊసే లేదు.

"వేటకెళ్ళిన పడవల్ని అదే గుర్తెట్టుకునేదండి. ఆఖరిది వచ్చేదాకా మూసేది కాదు. మొదట్లో ఎవరో నేర్పారంటండి."

సూర్యావతికి అప్పుడర్థమైంది. నేర్పింది స్మృతిగదిలోనే ఉండిపోయింది. యంత్రం ఆగదు కదా అని ఎవరూ నిల్వపలకకి ఎక్కించలేదు. ఇప్పుడా గదిలో మార్పుగింజ కాపురం పెట్టింది, పాతదంతా చెరిగిపోయింది. ముందే ఇక్కడివాళ్ళని అడగకపోవడం తన తప్పే.

"ఇంకా ఎన్ని రావాలి?"

"మా అమ్మాయి దానమ్మ పడవ రావాలండి. మిగతాయి..." పోలమ్మ వల పక్కన పడేసి లేచింది. "మేం లెక్కెట్టడం మానేసి శానా ఏళ్ళయిందండి."

కొత్త బుద్ధి పది నిమిషాల్లో మేల్కొని, నీటిమట్టం చూసి తలుపు వేసేస్తుంది. సూర్యావతి గబగబా ఒక షరతు చేర్చింది: గట్టు మీది మనిషి 'సరే' అనేదాకా ఆగాలి. నీళ్ళు ప్రమాదం తెలిపే ఎర్రగీత తాకితే మాత్రం ఎవరి మాటా వినదు. వింటే ఊరు మునుగుతుంది మరి.

పోలమ్మ కేకకి ఇళ్ళలోని ఆడవాళ్ళు పరుగున వచ్చారు. తమ తమ మనుషుల పేర్లు చెబుతూ వేళ్ళు మడిచారు. వెళ్ళినవి పంతొమ్మిది పడవలు. వచ్చినవి పదిహేడు. చూస్తుండగానే మరొకటి వచ్చింది. నీళ్ళు ఎర్రగీతకి బెత్తెడు దూరంలో ఉన్నాయి.

"అదుగో!" ఎవరో అరిచారు. దానమ్మ పడవ ఊగిపోతూ తలుపు దాటింది. పోలమ్మ పడవకేసి రెండడుగులు పరిగెత్తింది.

"చెప్పండి పోలమ్మగారూ!" సూర్యావతి కేకేసింది.

"సరే! మూసెయ్యి నాయనా, మూసెయ్యి!" అంది పోలమ్మ తలుపుతో.

తలుపు మూసుకుంది.

నెల తిరక్కుండా సూర్యావతి పడవల లెక్క నేర్పే భాగం తెచ్చింది. ఈసారి నిల్వపలక మీదే రాస్తానంది. పోలమ్మ అడ్డం పడింది.

"మీ యంత్రం గొప్పదేనండి, కాదనం. ఆ లెక్క ఒక్కటీ మాకొదిలెయ్యండి. దానమ్మ వేటకెళ్ళడం మొదలెట్టి ఏడేళ్ళండి. ఆ రోజుదాకా ఏనాడూ గట్టెక్కి దానికోసం ఎదురుచూళ్ళేదండి నేను."

సూర్యావతి పనిముట్ల పెట్టె మూసేసింది. గట్టు మీద ఆడవాళ్ళు అప్పటికే వేళ్ళు మడుస్తున్నారు. ఆమె వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చుంది.